గడప పక్కన సుద్దగీత

ప్రియమైన అక్కకు,

చేరగానే ఫోన్ చేశాను కదా, మళ్లీ ఈ ఉత్తరం ఎందుకంటావా? ఫోన్లో ఏం చెప్పగలను చెప్పు. అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. అన్నయ్య పక్క నుంచి "తాళం సరిగ్గా పడుతుందో లేదో అడుగు" అంటాడు. వదిన టీవీ తగ్గించదు. "అంతా బాగుంది" అన్న మాట పదకొండుసార్లు చెప్పి పెట్టేశాను. ఉత్తరమైతే నువ్వొక్కదానివే చదువుతావు. ఇకనుంచి బాగున్న సంగతులు ఫోన్లో, మిగతావి ఇందులో.

గది నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టుకు "పనిచేయదు" అని అట్ట తగిలించారు, ఆ అట్ట కూడా పాతబడి పచ్చగా మారిపోయింది. పొడవాటి నడవా. అటు మూడు తలుపులు, ఇటు మూడు. ఎడమవైపు చివరిది నాది. కిటికీ తెరిస్తే చెయ్యి చాపితే అందే దూరంలో పక్క భవనం గోడ, దాని మీద ఒక నీళ్ల గొట్టం. ఆ గొట్టంలోంచి ఎవరిదో దగ్గు వినిపిస్తుంది. ఏ అంతస్తుదో తెలియదు. పొద్దున్న ఏడింటికి మొదలై ఏడుంబావుకు ఆగిపోతుంది, ఆఫీసు పనిలా.

నువ్వు రాసిచ్చిన జాబితా తలుపు లోపలివైపు అంటించాను. బయటికి వెళ్లేముందు దేవుడి పటం చూసినట్టు దాన్ని చూస్తున్నాను. ఎవరు కొట్టినా తెరవకు. గొంతు వినిపించనివ్వకు. ఆడగొంతు విని నమ్మకు, ఆడమనిషి ముందు పిలుస్తుంది, మగవాడు వెనక నిలబడతాడు. తలుపు కింద నుంచి తోసిన కాగితం ముట్టుకోకు, ముట్టుకుంటే లోపల మనిషి ఉందని తెలుస్తుంది. మెట్ల మీద పలకరిస్తే తల ఊపి ముందుకు నడువు. ఇప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు. నేను ఇంత బుద్ధిగా ఉండగలనని కాలేజీలో ఎవరికైనా చెబితే నవ్వుతారు.

పని బాగుంది. ఊళ్లోని పళ్ల డాక్టర్లందరూ రోగుల నోటి అచ్చులు మా ల్యాబ్‌కు పంపుతారు. మేం వాటిలో ప్లాస్టర్ పోసి, ఆ ప్లాస్టర్ పళ్ల మీద మైనంతో కొత్త పన్ను చెక్కి, తర్వాత పింగాణీ చేస్తాం. నాది మైనం బల్ల. మూడేళ్లు జంతుశాస్త్రం చదివి కప్ప నోరు తప్ప చూడని నేను ఇప్పుడు రోజుకు ముప్ఫై నోళ్లు చూస్తున్నాను. ఒకటి గమనించాను అక్కా. సగానికి అరిగిపోయిన పళ్ల అచ్చులు రోజుకు నాలుగైదైనా వస్తాయి. నిద్రలో నూరుకుంటారట. ఈ ఊళ్లో మనుషులు పగలంతా బింకంగా తిరిగి, పడుకున్నాక పళ్లు కొరుక్కుంటారన్నమాట. వాళ్లకు దేనికి భయమో.

ఒక చిన్న సంగతి. నిన్న సాయంత్రం తాళం తీస్తుంటే గడప పక్కన, ద్వారబంధం అడుగున వేలెడు పొడుగు గీత కనిపించింది. నీలం సుద్ద. చెప్పుకాలితో తుడిచేశాను. ఈ సాయంత్రం వచ్చేసరికి అదే చోట, అంతే పొడుగున మళ్లీ ఉంది. మిగతా ఐదు తలుపుల దగ్గరా వంగి చూశాను. ఎక్కడా లేదు.

బహుశా ఏమీ కాదు. అయినా నీకు రాస్తున్నాను.

ఒక చోట నిలవని నీ మిడత


ప్రియమైన మిడతకు,

ఉత్తరం అందింది. బహుశా ఏమీ కాదు అని రాశావు చూడు, అక్కడే నాకు గుండె జారింది. నీకు నిజంగా ఏమీ కాదనిపిస్తే అసలు రాసేదానివి కాదు.

నువ్వు ఆ ఊరు వెళతానన్నప్పుడు ఇంట్లో అందరూ నా మొహం చూశారు, గుర్తుందా? అమ్మ ఏడ్చింది. అన్నయ్య మూడు రోజులు నీతో మాట్లాడలేదు. నేనే "వెళ్లనివ్వండి, జాగ్రత్తలు నేను చెబుతాను" అన్నాను. ఇప్పుడు నీకేమైనా అయితే ఆ మాట నా మెడకు చుట్టుకుంటుంది.

మేం ఆ ఊళ్లో కాపురం ఉన్నప్పుడు నువ్వు తొమ్మిదో క్లాసు. నీకు పూర్తిగా ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి బకెట్ ఎత్తబోయి జారి పడ్డాను. ఆరో నెల. లేవలేకపోయాను. మీ బావ డ్యూటీ నుంచి వచ్చేసరికి సాయంత్రం ఏడు. అటు రెండిళ్లు, ఇటు రెండిళ్లు. గోడలు ఎంత పల్చనంటే పక్కింట్లో చెంచా కింద పడితే మాకు వినపడేది. పది గంటలు నేల మీద ఉన్నాను. ఒక్క మనిషి రాలేదు. బిడ్డ పోయింది. మీ బావ ఆ నెలలోనే అంత మంచి ఉద్యోగం వదిలేసి నన్ను తీసుకుని వచ్చేశారు. ఇప్పటికీ ఎవరైనా ఆ ఊరి పేరెత్తితే ఆయన లేచి వెళ్లిపోతారు.

అలాంటి ఊరు అది. మనిషి చచ్చినా పక్కవాడు పేపరు తిరగేస్తాడు. వాళ్లకు నీతో పని ఉంటే మాత్రం గుమ్మం దాకా వస్తారు.

ఆ గీత సంగతి నాలుగు రోజులు చూడు. రోజూ వస్తోందా, ఏ వేళకు వస్తోందో చూసి రాయి. జాబితా మరిచిపోకు.

నీ అక్క


ప్రియమైన అక్కకు,

రోజూ వస్తోంది.

ఇవాళ్టికి పదిహేడు రోజులు. నేను పొద్దున్న ఎనిమిదింటికి వెళ్లేటప్పుడు ఉండదు. ఆరింటికి వచ్చేసరికి ఉంటుంది. తుడిచేస్తాను, మర్నాడు మళ్లీ ఉంటుంది. మొదట్లో ఒకసారి కాలితో రాసేదాన్ని. ఇప్పుడు రెండుసార్లు, గట్టిగా, కసి తీరా రుద్దుతున్నాను. చాలా హుషారైన దొంగ అనుకో, సెలవు కూడా పెట్టడు.

ఆదివారం లోపలే కూర్చుని కనిపెట్టాలనుకున్నాను. నేల మీద బోర్లా పడుకుని తలుపు కింద సందులోంచి చూశాను. పదింటికి అడుగులు వినిపించాయి. నా తలుపు ముందే ఆగాయి. బూడిదరంగు మేజోళ్లు, వాటికి తోలు చెప్పులు. ఎవరో మూలుగుతూ వంగారు. ద్వారబంధం మీద సర్రున గీత పడిన చప్పుడు నా చెవికి బెత్తెడు దూరంలో వినిపించింది. ఆ మనిషి కాసేపు అలాగే నిలబడ్డాడు. వింటున్నాడు అక్కా. నేను లోపల ఊపిరి బిగబట్టి వింటున్నాను, అతను బయట నన్ను వింటున్నాడు. తర్వాత అడుగులు వెళ్లిపోయాయి. ఆ గీత తుడవడానికి కూడా సాయంత్రం దాకా తలుపు తియ్యలేదు.

కాగితాలు కూడా వస్తున్నాయి. ఇప్పటికి మూడుసార్లు తలుపు కింద నుంచి మడత పెట్టిన కాగితం తోశారు. నువ్వు చెప్పినట్టే చేత్తో ముట్టుకోలేదు. ఎవరూ లేని వేళ చూసి చీపురుతో నడవాలోకి నెట్టేశాను. మూడోది రెండోదే అనుకుంటాను. మూల మీద అదే టీ మరక.

నిన్న ద్వారబంధం మీది సుద్దపొడి కాస్త గోటితో గీకి, కాగితంలో చుట్టి ల్యాబ్‌కు పట్టుకెళ్లాను. మా దగ్గర పింగాణీ పని చేసే ఆవిడ ఉంది. అందరూ పింగాణక్క అంటారు. రంగులు, పొడులు ఆవిడకు తెలియనివి లేవు.

"ఏంటమ్మాయ్, ఇంటి దగ్గర్నుంచి మట్టి తెచ్చి కూడా పళ్లు చేస్తావా?" అంది.

"ఇదేంటో చెప్పు ముందు."

వేళ్ల మధ్య నలిపి చూసింది. "బడి సుద్ద కాదు. జిడ్డుగా ఉంది చూడు. దర్జీలు గుడ్డ మీద గీసుకునేది. ఏం, కొత్త బట్టలు కుట్టిస్తున్నావా? ఎవరికోసమేంటి?"

సగం సంగతి చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. "పక్కింటివాళ్లనే అడగరాదూ?"

"వాళ్లలోనే ఎవరో గీస్తుంటే?"

"మరీ మంచిది. అడ్రసు వెతుక్కునే పని లేదు." తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఈ ఊరివాళ్లు చెడ్డోళ్లు కాదమ్మాయ్, తొందరలో ఉన్నోళ్లు. నిలబెట్టి అడిగితే చెప్తారు. నిలబెట్టడమే కష్టం."

ఆవిడ ఈ ఊళ్లోనే పుట్టింది. ఆవిడ అలాగే అంటుంది.

నాకు ఎదురుగా ఉండేది ఒక దర్జీ అక్కా. యాభై దాటి ఉంటాయి. తలుపు ఓరగా వేసుకుని రోజంతా మిషను కుడుతుంటాడు. నేను మెట్లెక్కి వస్తుంటే మిషను ఆగిపోతుంది. నేను తాళం తీసి లోపలికి వెళ్లి గడియ వేసుకున్నాకే మళ్లీ మొదలవుతుంది. ఇన్నాళ్లూ అది నా అనుమానం అనుకున్నాను. ఈ వారం లెక్కపెట్టాను. ఆరు రోజులు, ఆరుసార్లూ.

ఏం చెయ్యను?

నీ మిడత


ప్రియమైన మిడతకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. మీ బావ స్నేహితుడు ఒకాయన పోలీసు శాఖలో చేసి రిటైరయ్యారు. ఎవరో స్నేహితురాలి విషయమని చెప్పి ఆయన్ని అడిగించాను. ఒంటరిగా ఉండే ఆడవాళ్ల ఇళ్లకు గుర్తులు పెట్టడం పాత పద్ధతేనట. గుర్తు తుడిచేస్తే లోపల మనిషి ఉందని, దాన్ని చూసి భయపడిందని వాళ్లకు రూఢి అవుతుందట. అంటే ఇన్నాళ్లూ నువ్వు రోజూ తుడుస్తూ "నేనిక్కడే ఉన్నాను, ఒక్కదాన్నే ఉన్నాను" అని వాళ్లకు చెబుతూ వచ్చావు తల్లీ.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చెయ్యి. జ్వరమని చెప్పి రెండు రోజులు సెలవు పెట్టు. బయటికి రాకు. గీత తుడవకు. దీపం వెయ్యకు. కుళాయి సన్నగా తిప్పు. ఆ గదిలో ఎవరూ లేరు, ఖాళీ చేసి వెళ్లిపోయింది అనుకుని వాళ్లే వదిలేస్తారు.

అన్నయ్యకు చెప్పాను. అమ్మకు చెప్పలేదు. అన్నయ్య ఈ ఆదివారం కాక పై ఆదివారం వచ్చి నిన్ను తీసుకొస్తాడు. సామాను సర్దుకో. ల్యాబ్‌లో మానేస్తున్నానని చెప్పెయ్యి. నాకు తెలుసు, నీకు ఆ పని ఇష్టం. ఎన్ని ఇంటర్వ్యూలు తిరిగితే దొరికిందో కూడా తెలుసు. ఇక్కడికి వస్తే నిన్ను మళ్లీ గడప దాటనివ్వరని కూడా తెలుసు. అయినా బతికుంటే బలుసాకు తినవచ్చు. నువ్వు ముందు ఇల్లు చేరు.

ఎవరు కొట్టినా తియ్యకు. ఏడ్చినా, బతిమాలినా తియ్యకు.

నీ అక్క


ప్రియమైన అక్కకు,

ఇది మొదలుపెట్టి మూడు కాగితాలు చింపేశాను. జరిగింది జరిగినట్టే రాస్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

నువ్వు చెప్పినట్టే గురు, శుక్రవారాలు సెలవు పెట్టాను. గురువారం పదింటికి ఆ చెప్పులు వచ్చాయి, గీత పడింది, వెళ్లిపోయాయి. నేను మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం రొట్టెముక్క తిన్నాను, నమిలితే చప్పుడవుతుందేమోనని నీళ్లలో నానబెట్టి. దాహమేసినా కుళాయి తిప్పలేదు.

సాయంత్రం ఆరున్నరకు అడుగులు వచ్చాయి. ఒకరివి కావు. నడవాలో గుసగుసలు. ఆ తర్వాత తలుపు మీద మూడు దెబ్బలు.

"అమ్మాయ్, ఉన్నావా?" ఆడగొంతు. పెద్దావిడ.

అక్కా, నీ జాబితా నా కళ్లెదుటే తలుపు మీద ఉంది. ఆడమనిషి ముందు పిలుస్తుంది, మగవాడు వెనక నిలబడతాడు. వెనక మగగొంతు వినిపించనే వినిపించింది. "గీత అలాగే ఉంది. తుడవలేదు." ఇంకో మగగొంతు, "నిన్న వచ్చింది కదా, నేను చూశాను." మళ్లీ మొదటి మగగొంతు, "ఈ రోజు దిగలేదు. నేను పొద్దున్నుంచీ మెట్లవైపే చెవి పెట్టి ఉన్నాను."

బల్లను మెల్లగా లాగి తలుపుకు అడ్డం పెడదామనుకున్నాను. లేచేసరికి పొద్దున్నుంచీ ముడుచుకున్న కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. నేల మీద కూలబడ్డాను. ఆ చప్పుడు బయటికి వినిపించింది.

"పడింది," అంది ఆవిడ. "తియ్యండి, పగలగొట్టండి."

ఇనుప కడ్డీ తలుపు సందులో దూరడం చూశాను. నా నోట్లో నా పిడికిలి ఉంది. అరవాలని కూడా తోచలేదు, తోచినా అరిచేదాన్ని కాదు. గొంతు వినిపించకూడదు కదా. గడియ ఊడి నా కాళ్ల దగ్గర పడింది. గొలుసు మాత్రం ఆగింది. ఆ సందులోంచి ఒక తెల్లజుట్టు తల లోపలికి చూసింది. నన్ను చూసింది. వెనక్కి తిరిగి, "బతికే ఉంది," అంది.

అప్పుడు ఆవిడ వెనక నిలబడిన దర్జీ కడ్డీ కింద పడేసి, నడవాలో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. కాళ్లకు బూడిదరంగు మేజోళ్లు. తల చేతుల్లో పెట్టుకున్నాడు.

ఆవిడ రిటైరైన నర్సు, నా పక్క గది. గొలుసు తియ్యమని అడగలేదు. నాడి చూడాలి, చెయ్యి ఇటివ్వు అంది. సందులోంచి చెయ్యి చాపాను. నాడి పట్టుకుని గడియారం చూసుకుంటూనే తిట్టడం మొదలుపెట్టింది. "జ్వరం లేదు, ఏమీ లేదు. ఇంతసేపు కొడితే పలకడానికేం? చదువుకున్న పిల్లవని విన్నాం. కాగితం కనిపిస్తే చదవాలని నేర్పలేదా మీ కాలేజీలో? మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ ఊడ్చి పారేశావు. ఒకదాన్ని మెట్ల మీంచి ఏరుకొచ్చి మళ్లీ పెట్టాను."

ఆ కాగితంలో ఏముందో అక్కడే నిలబడి చెప్పింది. నాకు ముందు నా గదిలో ఒక ముసలాయన ఉండేవాడట. పుస్తకాలకు అచ్చుతప్పులు దిద్దేవాడు. ఎవరితోనూ మాట్లాడడు. ఒకరోజు లోపల పడిపోయాడు. కుళాయి పారుతున్న చప్పుడు దర్జీకి మూడు రోజులు వినిపిస్తూనే ఉంది. ఆయనేదో బట్టలు ఉతుక్కుంటున్నాడనుకుని కుట్టుకుంటూ కూర్చున్నాడు. పోయాడని మూడో రోజున తెలిసింది. డాక్టరు, మొదటి రోజంతా ప్రాణం ఉండే ఉంటుందన్నాడట.

ఆ తర్వాత ఈ అంతస్తులో ఒంటరిగా ఉండేవాళ్లంతా ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆరుగురూ ఒంటరివాళ్లే. పొద్దున్న పదింటికి దర్జీ అందరి గడపల దగ్గరా గీత గీస్తాడు. ఎవరిది వాళ్లు తుడుచుకోవాలి. సాయంత్రం ఆరున్నరకు గీత మిగిలి ఉంటే తలుపు కొడతారు. పలక్కపోతే పగలగొడతారు. అడగరు. మిగతావాళ్లు మధ్యాహ్నానికే తుడిచేసుకుంటారు కాబట్టి నేను వచ్చే వేళకు నాదొక్కటే మిగిలి ఉండేది.

"రోజూ భలే తుడిచేదానివి," అన్నాడు మూడో ఆయన. ఆయన పేరు తెలియదు, ఎప్పుడూ గళ్లచొక్కానే. "రెండుసార్లు, గట్టిగా. పద్ధతైన పిల్ల అనుకున్నాం."

దర్జీ ఒక్క మాటే అన్నాడు, తల ఎత్తకుండా. "నువ్వు లోపలికెళ్లి గడియ వేసుకునే చప్పుడయ్యేదాకా నాకు మిషను తొక్కబుద్ధి కాదమ్మా."

వీళ్లు మంచివాళ్లని నీకు రాయడం లేదు అక్కా. మంచివాళ్లో కాదో నాకు తెలియదు. మర్నాడు పొద్దున మెట్ల మీద నర్సు ఎదురైతే నన్ను చూడనట్టే పోయింది. గళ్లచొక్కా నా గడియకు కొత్త మరలు బిగించి, మంచినీళ్లు తాగమన్నా తాగకుండా వెళ్లాడు. పలకరింపులు లేవు, నవ్వులు లేవు. వాళ్లకు భయం. నాకున్న భయమే. వాళ్లు దానికి సుద్దతో ఒక గీత గీసుకున్నారు, అంతే. కానీ నాకు ఇక్కడ ఉండాలని ఉంది.

అన్నయ్యకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "తలుపు పగలగొట్టి లోపలికి వచ్చారా?" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క వినలేదు. ఇప్పుడు ఆ ఆదివారందాకా కూడా ఆగడట, వచ్చే శుక్రవారం రాత్రి బండికే బయల్దేరతాడట. అన్నయ్య వస్తే నా ఉద్యోగం పోయినట్టే. నువ్వు చెబితే వింటాడు. ఈ ఊరి సంగతిలో మనింట్లో నీ మాటకు తిరుగులేదు.

అందుకే ఒకటి అడుగుతున్నాను. కోపం తెచ్చుకోకు. తలుపు మీది జాబితా తీసేద్దామని నిన్న చేత్తో పట్టుకుని మళ్లీ చదివాను. గొంతు వినిపించనివ్వకు. ఆడమనిషి ముందు పిలుస్తుంది, మగవాడు వెనక నిలబడతాడు. కాగితం తోస్తారు, ముట్టుకోకు. ఇవేవీ ఊహించి రాసినట్టు లేవు అక్కా. చూసినట్టు ఉన్నాయి. ఆ పది గంటలూ ఒక్క మనిషి రాలేదంటావు. ఎవరూ రాని మనిషికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?

ఆ రోజు నీ తలుపు ఎవరూ కొట్టలేదా?

నీ మిడత


ప్రియమైన మిడతకు,

కొట్టారు.

ఇంత చిన్న మాట రాయడానికి నిన్నటి నుంచీ కూర్చున్నాను. ఇప్పుడు రాసేశాను కాబట్టి మిగతాది వస్తుందేమో చూస్తాను.

పడ్డ పావుగంటకే కొట్టారు. పక్కింటావిడ. నలభై ఏళ్లుంటాయి, లావుపాటి మనిషి, మెట్లెక్కితే ఆయాసం. ఆ ఊరు వెళ్లి నాలుగు నెలలైనా ఆవిడతో నేను ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్లేముందు ఇక్కడ ప్రతివాళ్లూ చెప్పి పంపారు కదా, ఆ ఊళ్లో ఎవరినీ నమ్మకు, నవ్వితే ఇల్లు దోచేస్తారు అని. నాకు ఇరవై రెండేళ్లు. నమ్మాను.

"అమ్మా, పడ్డ చప్పుడైంది. లోపల ఉన్నావా?" అంది. నేను పలకబోయాను మిడతా. నిజంగా నోరు తెరిచాను. అప్పుడు ఆవిడ వెనక మగగొంతు వినిపించింది. "ఎంతమంది ఉన్నారు లోపల?" అని. అది ఆవిడ మొగుడు. సాయానికే అడిగి ఉంటాడు. నాకది దొంగ అడిగినట్టు వినిపించింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"లేవలేకపోతే ఒక్క మాట అనమ్మా, తలుపు మేం చూసుకుంటాం," అంది. అనలేదు. కాసేపటికి కింద నుంచి కాగితం తోశారు. నా వేళ్లకు జానెడు దూరంలో ఆగింది. ఎత్తలేదు. మధ్యాహ్నం మళ్లీ వచ్చారు. అప్పటికి నేల తడిసిపోయింది. నొప్పి భరించలేక గోడను గీరుతున్నాను, ఆవిడ గొంతు వినిపించగానే అదీ ఆపేశాను. "ఇంట్లో లేనట్టుంది, ఊరెళ్లారేమో," అని వాళ్లలో వాళ్లు అనుకుని వెళ్లిపోయారు. అప్పుడు నాకు కలిగింది ఏమిటో తెలుసా? హమ్మయ్య అనుకున్నాను. బతికిపోయాననుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, పొద్దున్నే తెచ్చి ఉంటే దక్కేదేమో అంది. ఏమో అంది. ఆ ఏమో ఎనిమిదేళ్లుగా నాతోనే పడుకుంటుంది, నాతోనే లేస్తుంది.

సాయంత్రం మీ బావ తలుపు తీసి నన్ను చూసి కేకలేశారు. అందరూ బయటికి వచ్చారు. "ఇంతమంది ఉండి ఒక్కరూ చూడలేదా?" అని ఆవిడ మీదికే వెళ్లారు. ఆవిడ "మేం..." అని ఏదో చెప్పబోయింది. నేను అడ్డం పడి, "ఎవరూ రాలేదండీ," అన్నాను. ఎందుకన్నానో ఎన్నిసార్లు ఆలోచించానో. వచ్చారంటే, మరి నువ్వెందుకు తియ్యలేదని ఆయన అడుగుతారు. అందుకే.

ఆవిడ నా మొహంలోకి చూసింది. మిడతా, ఆవిడకు అర్థమైంది. మొత్తం అర్థమైంది. అందరి ముందూ మీ బావ అన్న మాటలన్నీ పడింది. మొగుడు ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక్క మాట అనకుండా వచ్చి నా కాళ్లవైపు ఎత్తి పట్టుకుని మూడంతస్తులు దిగింది, ఆ ఆయాసంతో. కంగారులో మీ బావ తాళం తలుపుకే వదిలేశారు. రెండు రోజుల తర్వాత ఆయన వెళ్తే, ఆవిడ ఇల్లు కడిగి, తాళం వేసి, తాళంచెవి తన దగ్గర ఉంచింది. ఆయన దాన్ని ఆవిడ చేతిలోంచి లాక్కుని వచ్చేశారట. ఈ సంగతి ఆయనే నాతో గొప్పగా చెప్పారు. నేను విన్నాను.

నా ఒక్క మాట మీద ఆయన ఉద్యోగం పోయింది. అమ్మ పదిమందికి ఆ ఊరి కథ చెప్పింది, ఆ పదిమంది ఇంకో వందమందికి చెప్పి ఉంటారు. నీకు నేను జాబితా రాసిచ్చాను. తప్పు చేసినదాన్ని తప్పు ఒప్పుకోవడానికి బదులు ఆ తప్పునే నియమాలుగా రాసి నీ చేతిలో పెట్టాను. నువ్వు గురువారం పడినప్పుడు ఆ నర్సు కూడా ఊరెళ్లిందేమో అనుకుని వెళ్లిపోయి ఉంటే, నీకు నిజంగానే ఏమైనా అయి ఉంటే?

అన్నయ్య రాడు. నిన్న మేడ మీదికి పిలిచి చెప్పాను. మొదట నమ్మలేదు. తర్వాత, "బావకు తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాను. బండి టిక్కెట్టు నా చేతిలో పెట్టి కిందికి దిగిపోయాడు. పొద్దున్నుంచి నాతో మాట్లాడలేదు.

నువ్వు అక్కడే ఉండు. నీ పని నువ్వు చేసుకో. వాళ్లు పలకరించకపోయినా పరవాలేదు.

మీ బావ ఇప్పుడు కింద స్కూటర్ తుడుస్తున్నారు. ఈల వేస్తున్నారు, ఏదో పాత పాట. ఈ ఉత్తరం ముందు ఆయన చేతికిస్తాను. చదివాక నీ చిరునామా రాసి పోస్టులో వెయ్యమని ఆయనకే చెబుతాను. నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు, ఇక ఎప్పటికీ రాదు. కాబట్టి కవరు మీద ఆయన దస్తూరీ కనిపిస్తే ఆయనకు తెలిసిపోయిందని అనుకో. ఆ తర్వాత ఈ ఇంట్లో ఏం జరిగిందో నేను రాసేదాకా ఫోన్ చెయ్యకు.

స్కూటర్ పని అయిపోయినట్టుంది. మెట్లెక్కి వస్తున్నారు.

నీ అక్క